ఎయిర్ పట్టిన లారీ

“అన్నియ్యా, ఆ లారీ బాగుసేసినావంటే నీకూ నాకూ సుట్టరికం తెగిపోద్ది!” అచ్చమ్మ వానలో తడుస్తూ అరిచింది.

రత్నం తలెత్తలేదు. ఇంజను మీదికి వంగి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేస్తున్నాడు.

పజుండౌంగ్ వంతెన దిగువన, సరిగ్గా అతని మెకానిక్ షెడ్డు ముందే లారీ ఆగిపోయింది. డీజిల్ అయిపోయి పైపుల్లో ఎయిర్ పట్టేసింది. వెనక టార్పాలిన్ కింద, బర్మా సైన్యంలో చేర్చడానికి పొద్దున వీధుల్లో పట్టుకున్న కుర్రాళ్లున్నారు. అచ్చమ్మ కొడుకు సూరి వాళ్లలో ఒకడు.

“ఇంకా ఎంతసేపు?” సార్జెంటు బర్మీస్‌లో గద్దించాడు.

“డీజిల్ పోశాం కదా సయా. గాలి బయటికి పోవాలి,” అన్నాడు రత్నం వినయంగా.

హ్యాండ్ పంపు కొట్టాడు. స్క్రూ చుట్టూ తెల్లటి నురగ, బుడగలు. మళ్లీ మళ్లీ కొట్టాడు. నురగ తగ్గి, డీజిల్ తేటగా కారసాగింది.

అచ్చమ్మ దగ్గరికొచ్చేసింది. “నీ సేతులు పడిపోను! కాసింత గాలి ఉంచీరాదా? బండి కదలకపోతే నా కొడుకు ఇక్కడే ఉంటాడు!”

“ఏమంటోంది?” అన్నాడు సార్జెంటు.

“టీ తాగుతారా అంటోంది, సయా.”

లారీ డ్రైవర్, తమవాడే అయిన మంగరాజు కేసి తిరిగాడు రత్నం. “సెల్ఫ్ కొట్టు.”

ఇంజను దగ్గింది. అందుకోలేదు.

“ఇంకా కొట్టు.”

“బేటరీ దిగిపోద్ది బావా!”

“కొట్టమంటే కొట్టు.”

చివరికి సెల్ఫ్ మూలిగి మూగబోయింది. అప్పుడు, ఇందాకటి నుంచి కాస్త వదులుగానే ఉంచిన స్క్రూ పూర్తిగా బిగించి, రత్నం చేతులు తుడుచుకున్నాడు.

“నెట్టాలి సయా. వెనకున్నవాళ్లని దింపండి. స్టార్టయ్యాక మాత్రం ఆపొద్దు, బ్యాటరీ లేదు. ఆ చివరి మలుపు దాకా పోనిచ్చి తిప్పుకురండి.”

సార్జెంటు వానకేసి చూసి తిట్టుకున్నాడు. తుపాకీ పట్టుకున్న సిపాయిని వెనక కాపలా పెట్టి, తాను డ్రైవర్ పక్కన ఎక్కి తలుపేసుకున్నాడు.

“బాగా సేసినావు మావా,” అన్నాడు సూరి, లారీ దిగి పళ్లు బిగించి.

రత్నం అతని పక్కనే భుజం ఆనించాడు. “మాటలాపి నెట్టరా. ఇంజను అందుకోగానే షెడ్డెనక సందులోకి పరిగెత్తు. నిన్ను సూసి మిగతావోళ్లూ వత్తారు.”

తెలుగు రాని సిపాయి ఊరికే చూస్తూ నిలబడ్డాడు.

లారీ వాలులోకి దిగింది. కుదిపింది. నల్లటి పొగ కక్కి ఒక్కసారిగా అందుకుంది. మంగరాజు ఆపలేదు. పొగ విడిపోయేసరికి రోడ్డు మీద ఒక్క కుర్రాడూ లేడు.

సిపాయి తుపాకీ రత్నం గుండెకి ఆనింది. అచ్చమ్మ పరిగెత్తుకొచ్చి అన్నకి అడ్డం నిలబడింది.

“ఎటు పోయారు?” అన్నాడు సిపాయి బర్మీస్‌లో.

దూరంగా మలుపు దగ్గర లారీ గేరు మారిన చప్పుడు. తిరిగొస్తోంది.

సిపాయి తుపాకీ దించి, పాత టైర్ల మీద పడేశాడు.

“తొందరగా చెప్పు మామా. నన్నూ ఇలాగే వీధిలోంచి ఎత్తుకొచ్చారు.”