ఒక్క ముక్క వినపడకూడదు

“ఎలక్ట్రానిక్సు లేదు, గిలక్ట్రానిక్సు లేదు. కంప్యూటర్స్ పెట్టు” అన్నాడు నాన్న, చొక్కా అయినా విప్పకుండా మంచం మీద కూలబడుతూ. రాత్రంతా బస్సు నడిపి వచ్చిన మనిషి. కళ్లు మండిపోతున్నాయి.

కాలేజీలో బ్రాంచి ఎంచుకోవడానికి మధ్యాహ్నం దాకానే గడువు. కూతురు ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

“హెడ్‌ఫోన్లు, స్పీకర్లు తయారుచేయాలంటే అదే చదవాలి నాన్నా.”

“పాటలు వినే సామానుకి నాలుగేళ్ల చదువెందుకే? కంప్యూటర్స్ అయితే ఎక్కడికెళ్లినా ఉద్యోగం దొరుకుతుంది. నాలాంటి బతుకు నీకెందుకు?”

“పాటలు వినడానికి కాదు. నువ్వు నిద్రపోవడానికి.”

వాళ్ల గది కిందే పిండి మర. నాన్న పడుకునే వేళకే అది మొదలవుతుంది. కూతురు పాత హెడ్‌ఫోన్లు విప్పి, బయటి చప్పుడు చెవిన పడకుండా చేసే సర్క్యూటు ఒకటి అందులో అమర్చింది. నెలల తరబడి దాంతోనే కుస్తీ. ఒకరోజు పనిచేస్తే నాలుగు రోజులు మొరాయిస్తుంది. నిన్న కూడా దాని ముందు కూర్చుని కూర్చుని టేబుల్ మీదే తల వాల్చేసింది.

“సరే, ఇటివ్వు” అన్నాడు నాన్న. “మర వేశాక నాకు ఒక్క ముక్క వినపడకూడదు. వినపడకపోతే నీ ఇష్టం వచ్చింది చదువుకో. వినపడిందా, నోరెత్తకుండా కంప్యూటర్స్.”

కూతురు హెడ్‌ఫోన్లు తెచ్చి ఆయన చెవులకు పెట్టి, స్విచ్ నొక్కింది. నాన్న గోడకు జారగిలబడి కళ్లు మూసుకున్నాడు.

కింద మర మొదలైంది. కిటికీ ఊచలు గడగడలాడాయి. నాన్న కనురెప్పలు అదిరాయి.

అది చూసింది కూతురు. మంచం పక్కన చతికిలబడింది. ఇక పోట్లాడే ఓపిక లేదు.

“పనిచేయట్లేదు, నాకు తెలుస్తోందిలే నాన్నా. కంప్యూటర్సే పెట్టేస్తాను. ఇష్టం లేకపోయినా ఎలాగోలా చదువుతాను. నువ్వు పడుకో.”

నాన్న కదల్లేదు. చాలాసేపటికి హెడ్‌ఫోన్లు తీసి, ఉలిక్కిపడ్డట్టు కిటికీ వైపు చూశాడు.

“అరే, మర తిరుగుతోందే! ఎప్పుడు వేశారు?”

కూతురు నోరెళ్లబెట్టింది. “నేనన్నది కూడా వినపడలేదా?”

“నువ్వేమన్నా అన్నావా? ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పో, పోయి నీ గిలక్ట్రానిక్సే పెట్టుకో. నన్ను పడుకోనీ” అంటూ గోడవైపు తిరిగాడు.

ఆమె వెంటనే ఫోనులో ఆ బ్రాంచి నొక్కేసింది. కళ్లు తుడుచుకుని, ఫోను చార్జింగుకు పెడదామని కిటికీ దగ్గరికి వెళ్లింది.

హెడ్‌ఫోన్లలోంచి నిన్న తను తీసి చార్జింగుకు పెట్టిన బ్యాటరీ, అక్కడే ఉంది.