చప్పుడు లేని బండి

బండి వచ్చిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఎప్పుడూ అంతే. గుర్రం ఉండదు, ఇంజను మోత ఉండదు. శాలిబండ సందులో జనం తప్పుకునేలోపే వాళ్లను దాటేసి, కలలోంచి వచ్చినట్టు ఇశ్రాయేలు వెల్డింగు దుకాణం ముందు ఆగుతుంది.

ఎవరో నవాబుగారు గోల్ఫు ఆడుకునే రోజుల్లో ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న బ్యాటరీ బండి అది. ఆయన దేవిడీ భవంతిలోని సామాన్లు వేలానికి వచ్చినప్పుడు బట్టల వ్యాపారి వైకుంఠం సేఠ్ కొన్నాడు. దొరలు తిరిగిన బండిలో ఇప్పుడు ఉప్పుగూడ గోదాము నుంచి చార్మినార్ దుకాణానికి బట్టల మూటలు తిరుగుతున్నాయి.

నడిపేవాడు భిక్షపతి. చాలా రోజులు కూలి అడ్డా మీద నిలబడి నిలబడి, చివరికి దొరకబుచ్చుకున్న పని. అడిగితే తప్ప మాట్లాడడు.

ఆ రోజు మాత్రం తనే మాట్లాడాడు.

"అన్నా, ఈసారి ఈ కమ్మీ జర గట్టిగ అతుకు. పట్టుకుంటె ఊడొద్దు."

బండి చట్రమంతా అల్యూమినియం. ఎడమ సీటు పక్కన పట్టుకునే కమ్మీ, చట్రంలో కలిసే చోట మళ్లీ పగిలింది.

ఇశ్రాయేలు పగులు పక్కన సబ్బు రుద్దాడు. ఇనుమైతే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం ఏమీ చెప్పదు, ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. సబ్బు నల్లబడితేనే వేడి సరిపోయిందని గుర్తు. పాతబస్తీలో ఆ పని తెలిసినవాళ్లు తక్కువ. ఆ సంగతి ఇశ్రాయేలుకు కాస్త ఎక్కువగానే తెలుసు.

ఆ పని వల్లే అతనికి ఆదివారాలు కూడా మిగలడం లేదు.

ఇంట్లో తల్లి సుందరమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఉప్పుగూడ దారిలో ఉన్న భర్త సమాధి దగ్గరికి తీసుకుపొమ్మని అడిగేది. వచ్చే ఆదివారం అనేవాడు. ఆ ఆదివారం ఎన్నటికీ రాలేదు.

ఈమధ్య ఆమె అడగడం మానేసింది. సాయంత్రం అతను ఇంటికి రాగానే నవ్వుతూ చెప్పేది.

"ఇయ్యాల గూడ కలల మీ బాపు దగ్గరికి పోయొచ్చిన బిడ్డా. కాళ్లు నేలకు తాకనే లేదు."

పోనీలే, కలలోనైనా వెళ్లి వస్తోందని ఇశ్రాయేలుకు ప్రాణం తేలికపడేది. మాట నిలబెట్టుకోవడానికి ఇంకొంత గడువు దొరికినట్టుండేది.

మంట ఆర్పేసరికి వైకుంఠం సేఠ్ వచ్చాడు. మాటిమాటికీ ఇదేం పగలడమని విసుక్కున్నాడు. అతుకే సరిగ్గా లేదేమో అన్నాడు.

ఆ మాటకు ఇశ్రాయేలుకు ఒళ్లు మండింది.

"నా అతుకు మంచిగనే ఉన్నది సేఠ్. మూటల బరువు ఎనకకు పడ్తది. ఇది ముందట పగులుతున్నది. ఎవరో కమ్మీ పట్టుకొని, ఒళ్లంత దాని మీదేసి ఎక్కుతున్నరు. మూటలకు చేతులుంటయా?"

సేఠ్ భిక్షపతి వైపు తిరిగాడు. ఎవరిని ఎక్కించుకుంటున్నావ్, ఎంత వసూలు చేస్తున్నావ్ అని నిలదీశాడు.

భిక్షపతి ఇశ్రాయేలు ముఖంలోకి చూశాడు.

"ఎక్కించుకున్నది నిజమే సేఠ్. పైస గూడ తీస్కోలే."

"ఎవర్ని?"

"అదొక్కటి అడగకుండ్రి."

ఆ ఒక్కటి చెప్పనందుకు అతని పని పోయింది.

బండి తాళంచెవి సేఠ్ చేతిలో పెట్టి, తలపాగా దులిపి కట్టుకుని, సందు మలుపు తిరిగి వెళ్లిపోయాడు. కోపం కూడా చూపించలేదు. తప్పు చేసినవాడు ఇంకేం మాట్లాడతాడని ఇశ్రాయేలు అనుకున్నాడు. తన అతుకు మీద మాట రాకుండా కాపాడుకున్నందుకు ఆ పూట టీ కూడా తియ్యగా అనిపించింది.

మర్నాడు గ్యాసు అయిపోయి మధ్యాహ్నమే దుకాణం కట్టేశాడు.

ఇంటికి వచ్చేసరికి సుందరమ్మ గడపలో కూర్చుని ఉంది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. ఒళ్లో మల్లెపూలు ఎండకు వాడిపోతున్నాయి. సందు చివరికి చూస్తోంది.

కొడుకును చూసి తడబడింది. లేవబోయింది. ఎడమ చేత్తో తలుపు చట్రం పట్టుకుని, ఒళ్లంతా ఆ చేతి మీదే వేసి, కిందికి గుంజి గుంజి లేచింది.

ఇశ్రాయేలు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"ఎటు పోతున్నవమ్మా?"

సుందరమ్మ తల వంచుకుంది. అతని చెయ్యి పట్టుకుంది.

"అవి కలలు గావు బిడ్డా. తీస్కపోలేకపోయిననని నీ మనసు నొస్తదని, కల అని చెప్పమన్నది ఆ చప్పుడు లేని బండాయననే. ఇయ్యాల ఇంక రాలేదు, పాపం ఏమైందో జర చూసొస్తవా?"