ఎలుగుబంటి చెప్పిన పేరు

“ఆ ఆయాని పనిలోంచి పంపించేస్తారా, నన్ను పోలీసుల దగ్గరికి వెళ్ళమంటారా?”

పాప తండ్రి కేకకి ప్లేస్కూల్ పిల్లలంతా టీచర్ వెనక్కి చేరారు. నాలుగేళ్ళ పాప మాత్రం ఉన్నచోటే బిగుసుకుపోయింది.

“వసపిట్టలా వాగేదండీ! ఇప్పుడు ఇంట్లో నోరు విప్పట్లేదు. నన్ను చూస్తే వణుకుతోంది. ఇక్కడెవరో దీన్ని బాగా బెదిరించారు. రోజంతా దగ్గరుండేది ఆవిడేగా!”

“నా పిల్లల్నే ఏనాడూ కసురుకోలేదు బాబూ...” ఆయా చేతులు జోడించింది.

“ఈ నాటకాలు నా దగ్గరొద్దు.”

టీచర్ ఆయా కళ్ళలోకి చూడలేకపోయింది. “ఏప్రన్ ఇచ్చేసి వెళ్ళు. సంగతి తేలాక కబురు చేస్తాను” అంది.

పిల్లలందరి ముందూ ఆయా ఏప్రన్ ముడి విప్పుకుంది. ఆ ఏప్రన్ అందుకుంటుంటే టీచర్‌కి తల కొట్టేసినట్టయింది. కనీసం పాపని అడగనైనా లేదు తను!

అడిగితే చెప్పని మాటలు పిల్లలు బొమ్మచేత చెప్పిస్తారు. రోజూ ఆడించే కథల ఆట అదే. టీచర్ ఎలుగుబంటి బొమ్మని పాప చేతికి తొడిగి, కుందేలుని తను తొడుక్కుంది.

“ఎలుగు మామా! ఇంట్లో మాట్లాడవటగా, ఏమిటి కథ?”

పాప ఎలుగుబంటి నోరు మూసింది. “ష్! మాట్లాడితే ఉద్యోగం ఊడిపోతుంది.”

“విన్నారా!” తండ్రి ఎగిరిపడ్డాడు. “తన బండారం బయటపెట్టొద్దని ఎలా భయపెట్టిందో చూడండి!”

ఆయా పాప ముందు మోకాళ్ళమీద కూర్చుంది. “చెప్పు తల్లీ. నా ఉద్యోగం పోతే పోనీ.”

పాప గబగబా తల అడ్డంగా ఊపింది. “నీది కాదు ఆయమ్మా!”

తండ్రి ముఖంలో నెత్తురుచుక్క లేదు. “సరే, ఆట చాలు. పద ఇంటికి” అంటూ పాప చెయ్యి పట్టుకున్నాడు. చూపు మాత్రం నేలమీంచి లేవలేదు.

కుందేలు అడ్డం వచ్చింది. “మరెవరిది మామా?”

ఎలుగుబంటి కుందేలు చెవిలో చెప్పబోయింది. కానీ చాలా రోజులుగా అణిచిపెట్టిన గొంతు, గదంతా వినిపించింది.

“తలుపేసుకుని కంప్యూటర్లో మీటింగులు చేస్తాడే... నువ్వు నోరు తెరిస్తే నా ఉద్యోగం ఊడుద్ది అంటాడే... నాన్న!”