కొసముడి

ఆ రోజు మూడో మనిషి కూడా అక్కడే ఆగింది.

బస్టాండు మెట్ల కింద నూలు పట్టీలు అల్లి అమ్మే ఆమె మెడ సాచి చూసింది.

ఇప్పుడే తన దగ్గర కాలికి పట్టీ కట్టించుకుని వెళ్ళిన మనిషి, మలుపులో చెప్పులు కుట్టే ముసలాయన ముందు నిలబడి ఉంది. ముసలాయన ఆమె చీలమండ కేసి వేలు చూపించి ఏదో అన్నాడు. తర్వాత వంగాడు. పెట్టె అడ్డమొచ్చి ఆపైన కనబడలేదు. కనబడిందల్లా ఆ మనిషి నవ్వు.

"చూశావా?" అంది పట్టీలామె, పక్కన తాళాలు బాగుచేసే ఆయనతో.

"చూస్తూనే ఉన్నా. నీ సరుకు మీద నోరు పారేసుకుంటున్నట్టున్నాడు. పనీపాటా లేకపోతే అంతే."

"పొద్దస్తమానం కుడుతూనే ఉంటాడు, పనీపాటా లేకపోవడమేంటి?"

"నీ వైపు మాట్లాడుతుంటే నన్ను పట్టుకుంటావేంటమ్మా" అన్నాడు తాళాలాయన.

ఆమెకి నవ్వు రాలేదు.

అయిదు నెలల కిందట, ఆ చోటు దొరికిన కొత్తలో ముసలాయన ఒకసారి వచ్చాడు. ఆమె మూడు పోగులూ కాలి బొటనవేలికి తగిలించి, గుంజి గుంజి అల్లుతోంది. నిలబడి కాసేపు చూశాడు.

"అల్లిక బాగుంది. ముడే నిలవదు."

"రెండు ముళ్ళేసి, పైన జిగురు చుక్క పెడుతున్నాను తాతా. ఎందుకు నిలవదు?"

"నూలు తడిస్తే బిగుస్తుంది, ఆరితే వదులవుతుంది. నాలుగుసార్లు కాళ్ళు కడుక్కుంటే నీ జిగురు పొలుసులా లేస్తుంది. కొసలు వెనక్కి మడిచి రెండు కుట్లు పడాలి."

"నీ చెప్పులేవో నువ్వు కుట్టుకో తాతా. ఇది ఆడవాళ్ళ కాళ్ళకి పెట్టుకునేది."

ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని తన మూలకి పోయాడు.

అప్పట్నుంచీ ఆమె కన్ను ఆ మూల మీదే.

ఆ నాలుగడుగుల చోటు తప్ప ఆమెకి వేరే ఆధారం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలన్నా, కూతురు బడికి పోవాలన్నా అదే. సరుకు బాగాలేదని ఫిర్యాదు వస్తే చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని బస్టాండు సూపర్‌వైజరు ముందే చెప్పి ఇచ్చాడు.

మూడో మనిషి కూడా ఆగిన ఆ రోజు మధ్యాహ్నమే వెళ్ళి సూపర్‌వైజరు ముందు నిలబడింది.

"అయ్యా, మలుపులో ముసలాయన నా గిరాకీని ఆపి చెడగొడుతున్నాడు."

"చెడగొట్టడమంటే?"

"నా పట్టీ నిలవదని చెప్తున్నాడు."

"చెప్తుంటే నువ్వు విన్నావా?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది.

"విన్నాను" అంది.

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు మలుపు దగ్గరికి వచ్చాడు.

"పెట్టె సర్దెయ్. నీ మీద ఫిర్యాదు వచ్చింది."

"నా మీదా? ఎవరయ్యా?"

"ఆ పట్టీలామె."

ముసలాయన ఆమె వైపు చూశాడు. ఆమె తల వంచుకుని అల్లుతూనే ఉంది. ఎంత గట్టిగా లాగిందో, పోగు పుటుక్కున తెగింది.

ముసలాయన సూదులూ దారాలూ పెట్టెలో పెట్టుకున్నాడు. ఎవరిదో ఒక జత మిగిలిపోతే తెచ్చి తాళాలాయనకి అప్పగించాడు.

"ఎడమకాలిది ఇంకా కుట్టలేదని చెప్పు. ఏమీ అనుకోవద్దను."

అంతే. పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

వారం రోజులు ఆమె ప్రాణం హాయిగా ఉంది. పట్టీ కట్టించుకున్నవాళ్ళు ఎక్కడా ఆగకుండా తిన్నగా వెళ్ళిపోతున్నారు.

ఎనిమిదో రోజు ఒకావిడ పట్టీ చేత్తో పట్టుకుని వచ్చింది. ముడి ఊడింది. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఆమె మూడు ముళ్ళు వేసింది. జిగురు రెండు చుక్కలు పెట్టింది. మూడు రోజులాగి అవీ వచ్చాయి.

ఒకామెకి బస్సులోనే ఎక్కడో జారిపోయిందట. ఆవిడ పట్టీలామె దగ్గరికి రాలేదు, నేరుగా సూపర్‌వైజరు దగ్గరికే వెళ్ళింది.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యి" అన్నాడాయన.

"అయిదు నెల్లుగా ఒక్కటీ ఊడలేదయ్యా."

"ఇప్పుడు ఊడుతున్నాయిగా."



నెలాఖరు రోజున దారపు ఉండలు సంచిలో వేసుకుంటుంటే, రోజూ ఆ దారినే డ్యూటీకి వెళ్ళే నర్సు వచ్చింది.

"అక్కా, మా చెల్లికి ఒకటి కావాలి. నాలాంటిదే."

ఆమె నర్సు కాలి వైపు చూసింది. అయిదు నెలల కిందట తను కట్టిన పట్టీ. రంగు వెలిసింది గానీ ముడి కదల్లేదు.

"ఇది ఊడలేదా?"

"ఎందుకు ఊడుతుంది? మలుపులో కుట్టించుకునే కదా వెళ్ళాను. నువ్వు కట్టినవన్నీ ఆయన ఆపి కుట్టి పంపేవాడు కదక్కా."

"ఎంత తీసుకునేవాడు?"

"తీసుకుంటేగా. ఇవ్వబోతే, 'అమ్మాయి సరుకే గదమ్మా, ఇంటి పనికి కూలేంటి' అనేవాడు. నీ చెవిన వెయ్యొద్దనేవాడు, చిన్నబుచ్చుకుంటావట."

ఆమె చేతిలో ఉండ చేతిలోనే ఉండిపోయింది.

నర్సు మలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అవునూ, మీ నాన్నగారు ఈ మధ్య కనబడటం లేదు, ఒంట్లో బాగానే ఉందా?"