బంగళాలో అద్దెకున్నాయన

మిల్లు యజమాని పొద్దుటి నుంచి తన బంగళాలో ఒక విరిగిన కుర్చీ కోసం వెతుకుతున్నాడు.

గదులన్నీ తిరిగినా ఒక్కటీ దొరకలేదు. చివరికి మంచి కుర్చీనే బోర్లించి కాలు విరగ్గొట్టాడు.

"అదేం పనండీ?" అంది భార్య.

"సంపద పన్ను ఆఫీసరు ఇవాళ మన వీధికొస్తున్నాడు. ఆదాయం మీద పన్నంటే నష్టాలు చూపించి గట్టెక్కాం. ఇప్పుడు ఉన్న ఆస్తి మీద కూడా వేస్తారట. ఈ బంగళా నాదని తేలిందా, ఏటేటా మిల్లు లాభమంతా ఊడ్చి వాళ్ళ చేతిలో పొయ్యాలి. నువ్వెళ్ళి వంటమనిషి బట్టలు వేసుకురా."

"ఇవి వంటమనిషివే. దానికి నావిచ్చాను. అద్దం ముందు నుంచి కదలడం లేదు."

గేటు దగ్గర సైకిలు ఆగింది. ముద్ర వేసిన కవరు పట్టుకుని ఒక మనిషి దిగాడు. చొక్కా మోచేతి దగ్గర అతుకు. అతను బంగళాను కింది నుంచి పైదాకా చూశాడు. గోడను వేళ్ళతో తట్టాడు.

"విలువ కడుతున్నాడు," అన్నాడు యజమాని.

"సైకిలు మీదొచ్చాడేంటి?"

"కారులో వస్తే మనం జాగ్రత్తపడతామని. వీళ్ళు ఆకుచాటు పిందెల్లా కనపడకుండా తిరుగుతారు."

ఎదురెళ్ళి తీసుకొచ్చి మంచి కుర్చీ వేశాడు. తను విరిగిన దాంట్లో కూర్చోబోయి కింద పడ్డాడు.

"అలవాటే సార్," అన్నాడు లేస్తూ.

"అయ్యగారూ, నాకీ కాగితం వచ్చిందండీ. ఈ బంగళా గురించి..."

"తెలుసు సార్. మీకు పైనుంచి కాగితం వస్తుంది, మీరు మా మీదికొస్తారు."

అయ్యగారూ అన్న పిలుపుకి యజమాని ఇంకా బెదిరాడు. మర్యాద పెరిగిన కొద్దీ కోత పెరుగుతుందని ఆయన అనుభవం.

"పన్ను చాలా ఎక్కువేశారండీ. ఇల్లు చూస్తేగాని అది న్యాయమో కాదో తెలీదని వచ్చాను."

"న్యాయమెక్కడిది సార్? ఆదాయం మీదంటే ఓ అర్థముంది. చేతిలో పడ్డదాంట్లోంచి ఇస్తాం. గోడలేమన్నా గుడ్లు పెడతాయా? ఏడాదికో గది అమ్మి కట్టాలా? ఏ గది ఎంతో ఎవడు చెప్పాలి?"

అతను మళ్ళీ గోడల వైపు చూశాడు.

"అదీ నిజమేనండీ. మాకా తంటా లేదు. జీతం చేతికి రాకముందే కోసేస్తారు."

"మీక్కూడానా!"

"ముందు మాకేనండీ. కోయగా మిగిలింది మాది."

జీతగాడి మీద యజమానికి జాలి కలగడం అదే మొదటిసారి. "పాపం," అన్నాడు.

పట్టుబట్టలతో వంటమనిషి టీ పట్టుకొచ్చింది. మాసిన బట్టల్లో ఉన్న యజమాని భార్య దగ్గర ఆగి, "అమ్మగారూ, చక్కెర వెయ్యమంటారా?" అంది.

యజమానికి దగ్గు ముంచుకొచ్చింది.

"ఈ బంగళా మీదే కదండీ?" అన్నాడు అతను.

"ఎవరన్నారు! నేను అద్దెకుంటున్నాను."

"ఇంటాయనెవరండీ?"

"ఎవరో మహానుభావుడు. మొహం కూడా ఎరగను."

ఈ ఒక్క మాటా నిజం. బంగళాను వేరే వాళ్ళ పేరు మీదికి మార్చే పని బావమరిది చూసుకున్నాడు. ఎవరి పేరో యజమాని అడగలేదు. తెలిస్తే ఎక్కడైనా నోరు జారుతుందని ఆయన భయం.

"మరి అద్దె?"

"ఆయనొచ్చి అడిగితే కదా సార్! ఏ రోజు అడిగితే ఆ రోజు పువ్వుల్లో పెట్టి ఇస్తాను. పొమ్మంటే కట్టుబట్టలతో పోతాను."

"ఆ మాట రాసిస్తారాండీ?"

"ఎందుకివ్వను!"

రాసి సంతకం పెట్టాడు. సాక్షిగా భార్య చేత కూడా పెట్టించాడు. అక్షరాలు తెలుస్తున్నాయా అని అడిగి, తెలియని చోట మళ్ళీ దిద్దాడు.

అతను చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. హాలంతా ఒకసారి చూశాడు.

"ఇంత ఇల్లున్నాయన పన్ను కట్టడం న్యాయమేనండీ."

"కట్టి తీరాలి సార్! ఆయన్ని మాత్రం వదలకండి. మెడమీద కత్తి పెట్టయినా వసూలు చెయ్యండి."

"అంత అక్కర్లేదులెండి. వచ్చే అద్దెలోంచి కట్టుకుంటే సరిపోతుంది."

అదేదో చట్టంలోని మాట కాబోలనుకుని యజమాని తల ఊపాడు. గేటు దాకా వెళ్ళి సాగనంపాడు. సైకిలు పట్టుకుని ఎక్కించబోతే అతనే వద్దన్నాడు.

కాసేపటికి బావమరిది వచ్చాడు. యజమాని అతన్ని కూర్చోనివ్వలేదు.

"ఆఫీసరొచ్చాడు, వెళ్ళాడు. అద్దెకున్నానని రాసి మొహాన కొట్టాను. మీ అక్క సాక్షి."

"ఏ ఆఫీసరు బావా? ఆయనకు జ్వరమట, రేపొస్తాడు. ఆ మాట చెబుదామనే పరిగెత్తుకొచ్చాను."

"మరి ఆ సైకిలాయన?"

"వీధి చివర నాకు నమస్కారం పెట్టాడే, అతనా? మన మిల్లులో నూలు చుడతాడు."

"మిల్లు మనిషికి నా ఇంటి మీదికొచ్చి ఆరాలెందుకు?"

బావమరిది అక్క వైపు చూశాడు. బావ వైపు చూశాడు. తలుపు దగ్గరికి జరిగాక నోరు విప్పాడు.

"బోనస్ కాగితమని చెప్పి సంతకం పెట్టించుకున్నాను బావా, ఈ బంగళా అతని పేరు మీదే ఉంది."