కప్పతల్లి కాళ్లు

"ఏమ్మే నిరోషా, ఆ కప్పను ఇటియ్యి. దుత్తలూరులో వాన పడింది, మనకు చుక్క లేదు. ఈ పొద్దు మళ్లీ ఊరేగించాల," అంటూ రేణుకాదేవి గడప దాటి వచ్చేసింది. ఆమె చేతిలో కొత్త పసుపుతాడు ఉంది.

నిరోష కప్ప ఉన్న టబ్బుకు అడ్డంగా నిలబడింది. "ఇయ్యను."

"మా రోకలికి కట్టిన కప్ప. మాది."

"మీదైతే విప్పాల్సింది. ఊరంతా తిప్పి, రోకలిని ఎండలో ఆనించి పోయినారు. నేను చూసేసరికి వేపాకుతోపాటు దాని తోలూ ఎండిపోయుండాది."

"బిందెలు బిందెలు నీళ్లు పోసినాం కదా దాని మీద!"

"పాట పాడినంతసేపే పోసినారు."

రేణుకాదేవికి ఒళ్లు మండింది. "అంత ప్రేమ ఉండేదానివి టబ్బుకు మూతన్నా పెట్టలేదే? ఎగిరిపోతే ఊరికి వాన నువ్వు తెస్తావా?"

"అది ఎగరలేదమ్మా. మీరు కట్టిన తాడుకు వెనక కాళ్లు చచ్చుపడినాయి."

రేణుకాదేవి వంగి చూసింది. తడిపిన గోనెపట్టా మీద కప్ప కదలకుండా కూర్చుని ఉంది. కాళ్ల మీద పసుపు చార ఇంకా పోలేదు. జారిపోతుందేమోనని ఆ రోజు రెండో ముడి కూడా బిగించింది తనే.

చేతిలోని తాడును కొంగులో దోపుకుని ఆమె విసురుగా బయటికి నడిచింది. గడప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి కసిరింది.

"గోనె ఆరిపోతా ఉండాది, కళ్లు కనపడలా? నీళ్లు చల్లు!"