పాలరాతి చెయ్యి

"ఆ చెయ్యి తుడిపెయ్యమ్మా. తుడిపితేనే సంతకం చేస్తా."

డ్రాయింగ్ మేష్ట్రు వెంకటరాయప్ప రబ్బరు ముందుకు తోశాడు. మునివెంకటమ్మ దాన్ని ముట్టలేదు. అర్జీ మీద ఆయన సంతకం లేకపోతే బెంగళూరులో డ్రాయింగ్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష ప్యాసు కాకపోతే బడిలో పంతులమ్మ పని రాదు. గడువు ఈ రోజే. అయినా పట్టు విడవలేదు. చూపు మాత్రం మాటిమాటికీ కిటికీ వైపు పోతోంది.

బాగేపల్లి బడిలో పిల్లలు చూసి గీసే పాలరాతి గ్రీకు దేవత విగ్రహానికి కుడిచెయ్యి మణికట్టు దాకానే ఉంది. దొర ఒకాయన దేశం వదిలిపోతూ చింతామణి బంగళా ఖాళీ చేస్తే, ఎద్దులబండిలో వచ్చిందది. దింపేసరికే చెయ్యి లేదు. ఇన్నేళ్ళుగా అందరూ ఆ మణికట్టు దాకానే గీసి ఊరుకున్నారు. ఈ పిల్ల అయిదు వేళ్ళూ గీసి, వాటి మధ్య ఓ పండు కూడా పెట్టింది.

కంటికి కనిపించిందే గీయాలని ఆయన నెత్తీనోరూ కొట్టుకుని చెప్పే మాట. కోపంగానే బొమ్మ లాక్కున్నాడు. కానీ ఆ చేతిలో ఏముండేదో అని ఆయనకూ మొదటినుంచీ ఒకటే ఆరాటం. వెలుతురులో పట్టుకుని పండునూ, వేళ్ళనూ తేరిపార చూశాడు.

"ఈ నలుపేందమ్మా? పాలరాయి మీద నీడ ఇంత నల్లగా పడదే."

"నీడ కాదు సార్, కుంకుమ." ఆమె తల వంచుకుంది. "నేను చూసిందే గీసినా. ఆ చెయ్యి మా ఇంట్లో ఉండాది. బండి మా ఊరు మిట్టేమరి మీద పోయిన మర్నాడు బాటలో మా అవ్వకు దొరికిందంట. అప్పటినుంచీ గూట్లో పెట్టి పూజ చేస్తాండాది."

వెంకటరాయప్పకు ఒళ్ళు పులకరించింది. వెంటనే సంతకం చేసేశాడు. రెండు ముక్కలనూ అతికించవచ్చన్నాడు, బడికే పేరొస్తుందన్నాడు. అవ్వకు ఎలాగైనా నచ్చజెప్పి ఆ చెయ్యి తెచ్చిపెట్టమని బతిమాలాడు.

మునివెంకటమ్మ అర్జీని భద్రంగా మడుచుకుని, మళ్ళీ కిటికీలోంచి చూసింది.

"అవ్వ చెయ్యి ఇయ్యదు సార్. మిగిలిన అమ్మవారిని తీసకపోయేదానికి బండి కట్టించుకోని వచ్చి, బడి వాకిట్లో నిలబడుకోనుండాది."